సీ ప్రోగ్రాం ఇచ్చిన చెరువు లెక్కలను గ్రాఫ్‌గా గీయడం ఎలా?

పాకాల_దారి
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నర్సంపేట దగ్గర పల్లె. హనుమకొండ హాస్టల్‌లో ఉండి సివిల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టుకు గొలుసుకట్టు చెరువులు తీసుకున్నాను. పై చెరువు నిండి మత్తడి (అలుగు) పడితే ఆ నీళ్లు కింది చెరువుకు వెళ్తాయి కదా, దాన్నే సీ భాషలో సిమ్యులేషన్‌గా రాశాను. ప్రస్తుతానికి రెండు చెరువులే ఉన్నాయి.

పై చెరువు 0.9 టీఎంసీ పడుతుంది, అంటే 2 కోట్ల 55 లక్షల ఘనపు మీటర్లు. మొదట్లో కోటిన్నర ఘనపు మీటర్ల నీళ్లు ఉన్నాయనుకున్నాను. వాగు నుంచి 30 క్యూసెక్కులు, అంటే సెకనుకు 0.85 ఘనపు మీటర్లు ఆగకుండా వస్తున్నాయి. ముసురు పట్టిన రోజుల్లా అన్నమాట. ఒక్కో సెకను చొప్పున 40 రోజులకు లెక్క వేయించాను. ప్రతి సెకనుకు ఒక వరుస: సమయం, పై చెరువులో నీళ్లు, కింది చెరువులో నీళ్లు.

ఫైలు వంద ఎంబీ దాటింది. ఎక్సెల్‌లో తెరిస్తే చాలాసేపు ఆగి, ఫైలు మొత్తం రాలేదని చెప్పింది. అయినా గ్రాఫ్ గీశాను. పన్నెండో రోజు దాటగానే తెగిపోయింది. 40 రోజులు కనబడేలా గీసే దారి ఏమైనా ఉందా? వచ్చే వారం గైడ్‌కు చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

కాజీపేట_జంక్షన్
సోమవారం, రాత్రి 10:25

ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలకు మించి పట్టవు. మీ 40 రోజులకు 34,56,000 వరుసలు కావాలి. 10,48,576 సెకన్లంటే 12 రోజుల పైన కొద్ది గంటలు. గ్రాఫ్ అక్కడే తెగింది కదా, కారణం ఇదే. లిబ్రె ఆఫీస్‌లో కూడా మామూలుగా అదే హద్దు.

ముందు ఫైలు తగ్గించండి. 40 రోజుల గ్రాఫ్ మీ స్క్రీను మీద అడ్డంగా ఓ రెండు వేల చుక్కల్లో ఇమిడిపోతుంది. 34 లక్షల వరుసలు రాసినా కంటికి కనిపించేది అంతే. లెక్క సెకను చొప్పునే వేయించండి, ఫైలులోకి మాత్రం గంటకోసారి రాయండి. లూపులో సెకన్లు లెక్కపెట్టే ఐని 3600తో భాగిస్తే శేషం సున్నా వచ్చినప్పుడే, ఫైలులో రాసే ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌ను పిలవాలి. 960 వరుసలతో పని అయిపోతుంది. ప్రోగ్రాం కూడా వేగం పుంజుకుంటుంది, ఎందుకంటే ఇప్పుడు దాని సమయం ఎక్కువగా అంకెలను అక్షరాలుగా మార్చి డిస్కు మీద రాయడానికే పోతోంది. ఒక్క జాగ్రత్త: కుండపోత వానకు నడిపేటప్పుడు గంట చాలా ఎక్కువ. వరద ఉధృతి ఆ గంట మధ్యలో వచ్చి పోతే గ్రాఫ్‌లో కనబడదు. అప్పుడు నిమిషానికోసారి రాయించండి.

ఇక గీయడానికి గ్నూప్లాట్ వాడండి. 1986లో థామస్ విలియమ్స్, కాలిన్ కెల్లీ మొదలుపెట్టిన ప్రోగ్రాం ఇది. పేరులో గ్నూ ఉన్నా గ్నూ ప్రాజెక్టుకు చెందింది కాదు. ఉచితం, చిన్నది, పాత లాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది. ఫైలులో నిలువు వరుసల మధ్య కామాలు వద్దు, ఖాళీలు చాలు. మొదటి వరుసలో శీర్షికలు రాయాలంటే ముందు హాష్ గుర్తు పెట్టండి, ఆ వరుసను వదిలేస్తుంది.

ఆదేశం ఇలా ఉంటుంది (ఉచ్చారణలో రాస్తున్నా, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి):

ప్లాట్ "చెరువు.డాట్" యూజింగ్ ($1/86400):($2/100000) విత్ లైన్స్

డాలర్ 1 అంటే మొదటి నిలువు వరుస. 86400తో భాగించాం కాబట్టి అడ్డంగా రోజులు వస్తాయి. రెండోదాన్ని లక్షతో భాగించాం కాబట్టి నిలువుగా లక్షల ఘనపు మీటర్లు వస్తాయి. ఇలా భాగించకపోతే 1.5ఈ+07 లాంటి అంకెలు వచ్చి మీ గైడ్‌కూ అర్థం కావు, మీకూ కావు.

పైథాన్_పరకాల
సోమవారం, రాత్రి 11:02

నాదో మాట. గ్నూప్లాట్ మంచిదే కానీ ఈ రోజుల్లో పైథాన్ భాషలో గ్రాఫులు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ నేర్చుకుంటే ఉద్యోగానికీ పనికొస్తుంది. సీ ప్రోగ్రాంను ముట్టుకోనవసరం లేదు. అది ఫైలు రాస్తుంది, పైథాన్ అంకెల లైబ్రరీ నమ్‌పైలో లోడ్‌టెక్స్ట్‌తో చదివి ప్లాట్ అంటే చాలు, నాలుగు లైన్ల పని. వానను ఒక బొమ్మగా, చెరువును ఇంకో బొమ్మగా ఒకదాని కింద ఒకటి పెట్టడం అందులో చాలా తేలిక.

కాజీపేట_జంక్షన్
సోమవారం, రాత్రి 11:10

కాదనను. లెక్క ఒక చోట, బొమ్మ ఒక చోట ఉండాలన్నదే అసలు మాట, ఆ రెండోది ఏదైనా పర్వాలేదు. వారం రోజుల్లో చూపించాలి అంటున్నారు కాబట్టి కొత్త భాష జోలికి పంపలేదు.

పాకాల_దారి
మంగళవారం, సాయంత్రం 6:15

చాలా థాంక్స్ అన్నా. లాబ్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవడానికి అనుమతి లేదు. నా లాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది, అందులో ఒక్క లైనుతో ఎక్కింది. గంటకోసారి రాసేలా మార్చాను, ఫైలు కేబీల్లోకి వచ్చింది. రెండు చిక్కులు. ఒకటి, ఆదేశాలన్నీ ఫైలులో పెట్టి నడిపితే బొమ్మ ఇలా మెరిసి అలా మాయమైపోతోంది. రెండోది, సీ ప్రోగ్రాం నడుస్తుండగానే గ్రాఫ్ పెరుగుతూ కనబడాలని, సీలోంచే గ్నూప్లాట్‌ను పైపుతో నడిపే పోపెన్ వాడి చూశాను. అంతా అయిపోయాక ఒక్కసారిగా వస్తోంది తప్ప మధ్యలో కనబడదు.

కాజీపేట_జంక్షన్
మంగళవారం, రాత్రి 8:30

మొదటిదానికి: గ్నూప్లాట్ పని అయిపోగానే కిటికీ మూసేసుకుని వెళ్లిపోతుంది. పిలిచేటప్పుడు పక్కన మైనస్ పర్సిస్ట్ అని చేర్చండి. లేదా ఆదేశాల చివర పాజ్ మైనస్ 1 పెట్టండి, మీరు ఎంటర్ కొట్టేదాకా ఆగుతుంది.

రెండోదానికి: ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ అనగానే అక్షరాలు అవతలికి చేరిపోవు. సీ లైబ్రరీ వాటిని ఒక బఫర్‌లో పోగుచేస్తుంది. అది నిండితేనో, ఫైలు మూస్తేనో కదులుతాయి. మీ భాషలో చెప్పాలంటే తూము ఎత్తకుండా పొలానికి నీళ్లు రావాలని చూస్తున్నారు. ప్రతి ప్లాట్ ఆదేశం తర్వాత ఎఫ్‌ఫ్లష్ పిలవండి, అదే తూము ఎత్తడం. డేటాను ఫైలులోంచి కాకుండా అదే పైపులోంచి పంపుతుంటే, ఫైలు పేరు ఉండాల్సిన చోట కొటేషన్ల మధ్య ఒక్క మైనస్ గుర్తు పెట్టాలి. అంకెలన్నీ పంపాక విడిగా ఒక వరుసలో ఇంగ్లీషు చిన్న అక్షరం "ఈ" పంపాలి. అది పంపకపోతే ఇంకా అంకెలు వస్తాయేమోనని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. చివర ఎఫ్‌క్లోజ్ కాదు, పీక్లోజ్. విండోస్‌లో చేసేవాళ్లకు పోపెన్ ముందు ఒక అండర్‌స్కోర్ ఉంటుంది.

నా సలహా మాత్రం, ముందు ఫైలుతోనే గీయండి. పైపు ముచ్చట తర్వాత. ఫైలు ఉంటే రేపు అనుమానం వచ్చినప్పుడు తిరిగి చూసుకోవచ్చు.

పాకాల_దారి
మంగళవారం, రాత్రి 10:50

వచ్చింది అన్నా! 40 రోజులూ ఒకే బొమ్మలో. నా ప్రోగ్రాం ఏం చేస్తోందో మొదటిసారి కంటితో చూశాను.

మొదట్నుంచీ తిన్నగా పైకి వెళ్తోంది. 21వ రోజు మధ్యలో ఒక్కసారిగా ఆగి, అక్కడి నుంచి 40వ రోజు దాకా బల్లపరుపుగా ఉంది. చెరువు నిండి మత్తడి పడిందనుకుంటున్నాను. మత్తడి కోడ్ పనిచేస్తున్నట్టే కదా? ఇక కింది చెరువు గీత కూడా గీసి రిపోర్టు రాయడం మొదలుపెడతాను.

తూము_గట్టు
బుధవారం, ఉదయం 6:05

తమ్మీ, నాకు సీ రాదు. మాది ములుగు దగ్గర ఊరు, మా నాయన మా ఊరి చెరువుకు నీరటి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎన్ని జాముల నీళ్లో ఆయన చెప్పిందే లెక్క. నేను చిన్నప్పటి నుంచి కట్ట మీద తిరిగినవాణ్ని కాబట్టి చెప్తున్నా, ఈ గీత చెరువులా లేదు.

మత్తడి పడ్డ చెరువు అలా మూల తిరిగి ఆగదు. నీళ్లు మత్తడి అంచును తాకాక మొదట తడి పారుతుంది, తర్వాత వేలెడు, తర్వాత జానెడు. వచ్చే నీళ్లు, పోయే నీళ్లు సమానం అయ్యేదాకా మట్టం పెరుగుతూనే ఉంటుంది, కాకపోతే నిదానంగా. గీత వంపు తిరిగి మెల్లగా చదును కావాలి. నీది గోడకు తగిలినట్టు ఆగింది.

ఇంకోటి. మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోవాలి. మాకు ఇక్కడ పై చెరువు మత్తడి పడిందని ఎవరూ కబురు చేయనక్కర్లేదు, కింది చెరువు శిఖంలో, అంటే లోపలి నేలలో, తడి చూస్తే తెలిసిపోతుంది. నీ కింది చెరువు గీత ఏమంటోంది? అది లేవకపోతే 21వ రోజు తర్వాత వాగు నీళ్లన్నీ ఎటు పోయినట్టు?

పాకాల_దారి
బుధవారం, ఉదయం 8:20

అన్నా, ముందుగా, నేను తమ్మిని కాదు, చెల్లెను.

మీరన్న తర్వాత గీసి చూశాను. కింది చెరువు గీత అస్సలు లేవలేదు. 40 రోజులూ మొదట ఎంత ఉందో అంతే. రాత్రి సంబరంలో నిలువు అంకెలు కూడా సరిగ్గా చూడలేదు. పై చెరువు ఆగింది 167.77 లక్షల దగ్గర. నిండాలంటే 255 లక్షలు కావాలి. అసలు 30 క్యూసెక్కులకు 40 రోజుల్లో నిండనే నిండదు, చేత్తో లెక్క వేస్తే 143 రోజులు పడుతోంది. ఇవాళ క్లాసుకు వెళ్లబుద్ధి కావడం లేదు. కోడ్ పదిసార్లు చదివాను, ఎక్కడా ఆపమని రాయలేదు.

జమ్మికుంట_వైర్లు
బుధవారం, ఉదయం 9:00

నీళ్ల లెక్కకు ఇంట్ (పూర్ణాంకాల రకం) వాడారా? ఇంట్ నిండిపోయి పొర్లి ఉంటుంది. నాకోసారి అలాగే అయింది.

పాకాల_దారి
బుధవారం, ఉదయం 9:12

నీళ్లకు ఇంట్ కాదండీ, దశాంశాలు పట్టే ఫ్లోట్. లూపు లెక్కకు మాత్రం ఇంట్, అది 34 లక్షలే కదా, ఇంట్‌లో 214 కోట్ల దాకా పడుతుంది. 21వ రోజు తర్వాత ఫైలులో ప్రతి వరుసలోనూ ఇదే ఉంది: 16777216.000000

సున్నా_ఒకటి
బుధవారం, మధ్యాహ్నం 1:35

ఆ అంకె చూడగానే గుండె ఝల్లుమంది. 1,67,77,216 అంటే 2ను 24 సార్లు గుణిస్తే వచ్చేది. చెరువు నిండలేదమ్మా, ఫ్లోట్ నిండింది.

కరీంనగర్‌లో న్యూమరికల్ మెథడ్స్ పాఠం చెప్పే నేను ప్రతి ఏడాదీ దీన్ని బోర్డు మీద రాస్తాను. పిల్లలు రాసుకుంటారు కానీ నమ్మరు. మీ గ్రాఫ్ నాకు ఒకటి పంపండి, వచ్చే బ్యాచ్‌కు చూపిస్తాను.

జరిగింది ఇది. ఫ్లోట్ అంటే 32 బిట్లు. కొన్ని గుర్తుకూ ఘాతానికీ పోతాయి కాబట్టి అంకెకు దక్కే కచ్చితత్వం 24 బిట్లదే. కాబట్టి ఫ్లోట్‌లో పక్కపక్కనుండే రెండు సంఖ్యల మధ్య ఖాళీ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ ఖాళీ పెరుగుతుంది. 83,88,608 నుంచి 1,67,77,216 వరకు ఆ ఖాళీ సరిగ్గా 1. అది దాటాక, దానికి రెట్టింపు వచ్చేదాకా ఖాళీ 2. అక్కడ 1,67,77,217 అనే సంఖ్యే లేదు. 216 తర్వాత 218.

ఇప్పుడు మీ చెరువులో 1,67,77,216 ఉంది. ఒక సెకనులో 0.85 కలిపారు. వచ్చిన మొత్తానికి దగ్గరగా ఉన్నది 216ఏ, 218 కాదు. కాబట్టి 216గానే మిగిలింది. తర్వాతి సెకను మళ్లీ 0.85, మళ్లీ అంతే. వాగు పారుతూనే ఉంది, చెరువు తీసుకోవడం లేదు. తూము_గట్టు గారు అడిగిన ప్రశ్నకు జవాబు: ఆ నీళ్లు ఎటూ పోలేదు, ప్రతి సెకనూ గుండ్రం చేయడంలో పోయాయి.

ఇంతటితో అయిపోలేదు. మొదటి ఇరవై రోజులు కూడా చూడండి. అక్కడ ఖాళీ 1. కోటిన్నరకు 0.85 కలిపితే దగ్గరి సంఖ్య కోటిన్నరా ఒకటి. అంటే 0.85 వేసినప్పుడల్లా మీ ప్రోగ్రాం 1 చేర్చుకుంది. ఆగే చోటుకు కావాల్సింది 17,77,216 ఘనపు మీటర్లు. సెకనుకు 1 చొప్పున అయితే 20.57 రోజులు, సెకనుకు 0.85 అయితే 24.2 రోజులు. మీ గీత 21వ రోజు మధ్యలోనే ఆగింది కదా? అంటే బాగున్నట్టు కనబడిన భాగం కూడా తప్పే. ఆగిన చోటు మనల్ని పిలిచింది కాబట్టి సరిపోయింది. వాలు తప్పని ఎవరికీ తెలిసేది కాదు.

మందు చిన్నదే. నీళ్లు దాచే ప్రతి చోటా ఫ్లోట్ తీసి డబుల్ పెట్టండి. అందులో 53 బిట్లు ఉంటాయి, మీ చెరువు స్థాయిలో ఘనపు మీటరులో కోట్లవ వంతు కూడా పోదు. స్కాన్‌ఎఫ్‌తో ఏదైనా చదువుతుంటే అక్కడ పర్సెంట్ ఎఫ్‌ను పర్సెంట్ ఎల్ఎఫ్‌గా మార్చడం మరవకండి. ఫైలులోంచి తిరిగి చదివి లెక్క కొనసాగించాలనుకుంటే 17 అంకెలు రాయించండి, అప్పుడే డబుల్ ఒక్క బిట్ కూడా మారకుండా తిరిగి వస్తుంది. గ్రాఫ్‌కు మాత్రం అన్ని అక్కర్లేదు.

పాకాల_దారి
బుధవారం, రాత్రి 9:30

సార్, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. డబుల్ పెట్టాను. 40వ రోజు చివర 1,79,37,600 వచ్చింది. చేత్తో వేసినా అదే: కోటిన్నరకు 29,37,600 కలిపితే సరిగ్గా అంత. పాత గీత, కొత్త గీత ఒకే బొమ్మలో పెట్టాను. పాతది ముందు పైపైకి వెళ్లి ఆగిపోయింది. కొత్తది కింద నుంచి నిదానంగా వచ్చి పాతదాన్ని 25వ రోజు దాటింది. ఈ రెండు గీతలు కలిసే చోటు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

అనుమానం వచ్చి పాత ప్రోగ్రాంతోనే ఎండాకాలం కూడా నడిపాను. వాగు లేదు, తూములు మూసి ఉన్నాయి, ఎండకు ఆవిరయ్యేవి మాత్రమే. నీటి వైశాల్యం 5 చదరపు కిలోమీటర్లు, రోజుకు 5 మిల్లీమీటర్ల ఆవిరి. అంటే రోజుకు 25,000 ఘనపు మీటర్లు, సెకనుకు 0.289. ఫ్లోట్‌తో 60 రోజులైనా చెరువులో చుక్క తగ్గలేదు! డబుల్‌తో 15 లక్షలు తగ్గి కోటీ 35 లక్షలకు వచ్చింది. గత నెలలో ఇదే ప్రోగ్రాంతో ఎండాకాలం అంకెలు తీసి రిపోర్టు ముసాయిదాలో పెట్టాను. ఆ పేజీలన్నీ మళ్లీ రాయాలి.

తూము_గట్టు
బుధవారం, రాత్రి 9:55

అరవై రోజుల ఎండకు చుక్క తగ్గని చెరువుంటే మా నాయన అక్కడికే పోయి ఉండేవాడు చెల్లె. మళ్లీ రాయి, పర్లేదు. తప్పు ఇప్పుడే బయటపడింది.

పైథాన్_పరకాల
బుధవారం, రాత్రి 10:20

చదువుతూ ఒకటి గమనించాను. పైథాన్‌లో ఫ్లోట్ అంటేనే 64 బిట్లు, సీలో డబుల్ లాంటిది. అందులో రాసుంటే ఈ తప్పు వచ్చేది కాదు. కానీ నమ్‌పైలో మెమరీ ఆదా అని ఫ్లోట్32 పెట్టుకుంటే ఇదే జరుగుతుంది. ఇప్పుడే నా పాత ప్రాజెక్టు తెరిచి చూశాను, మూడు చోట్ల ఫ్లోట్32 ఉంది. రేపు అదే పని.

జమ్మికుంట_వైర్లు
గురువారం, ఉదయం 7:40

నేను పొలం బోరు దగ్గర నీటి మీటర్ పెట్టి ఆర్డుయినో ఉనో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో మొత్తం లీటర్లు లెక్కిస్తుంటాను. ఈ చర్చ చూసి డబుల్ పెడదామని వెళ్లాను. ఉనోలో డబుల్ అని రాసినా 4 బైట్లే, ఫ్లోట్‌కూ దానికీ తేడా లేదు. మరి నాలాంటివాళ్లు ఏం చేయాలి?

సున్నా_ఒకటి
గురువారం, ఉదయం 8:15

మీటర్ ఇచ్చే ఒక్కో పల్స్‌ను 32 బిట్ల అన్‌సైన్డ్ లాంగ్‌లో లెక్కపెట్టండి. పూర్ణాంకాలకు గుండ్రం చేసే గొడవే లేదు, 429 కోట్ల దాకా వెళ్తుంది. లీటర్లుగా మార్చడం చూపించేటప్పుడు చేయండి. పూర్ణాంకాలతో కుదరని చోట విలియం కహాన్ 1965లో చెప్పిన పద్ధతి ఉంది: ప్రతి కూడికలో పోయిన చిన్న ముక్కను పక్కన ఇంకో చరరాశిలో దాచి, తర్వాతి కూడికలో కలపడం. నాలుగు లైన్లే. కంపైలర్‌కు ఫాస్ట్ మ్యాథ్ ఆప్షన్ ఇస్తే మాత్రం ఆ నాలుగు లైన్లూ అనవసరమనుకుని తీసేయగలదు, అది ఇవ్వకండి.

కాజీపేట_జంక్షన్
గురువారం, రాత్రి 9:05

నేను మొదటి రోజే చెప్పాల్సింది ఒకటి మిగిలిపోయింది. చెరువు గీతతో పాటు నీటి ఖాతా గీత కూడా గీయండి. మొదట ఉన్న నీళ్లు, దానికి వచ్చినవి కలిపి, పోయినవి తీసి, ఇప్పుడు చెరువులో ఉన్నవి తీసేస్తే సున్నా రావాలి. దాన్ని నాలుగో నిలువు వరుసగా ఫైలులో రాసి వేరే బొమ్మగా పెట్టండి. డబుల్‌తో అది సున్నాకు అంటుకుని అటూ ఇటూ సన్నగా వణుకుతుంది. ఫ్లోట్‌తో అయితే మొదటి రోజే ఒకవైపు జారిపోయి ఉండేది, 21వ రోజు దాకా ఆగాల్సిన పని ఉండేది కాదు. వచ్చిన నీళ్ల మొత్తాన్ని మాత్రం కూడుతూ పోకండి. స్థిరంగా వస్తున్నాయి కాబట్టి ప్రవాహాన్ని సమయంతో గుణించండి, లేకపోతే తప్పును తప్పుతోనే కొలిచినట్టు అవుతుంది.

పాకాల_దారి
గురువారం, రాత్రి 11:30

పెట్టాను అన్నా, సున్నా మీదే ఉంది. రిపోర్టు తెలుగులో కూడా ఒక ప్రతి ఇవ్వాలనుకుంటున్నాను, మా ఊళ్లో చూపించడానికి. గ్రాఫ్‌లో "మత్తడి మట్టం" అని రాస్తే ఒత్తులు పక్కకు జారిపోయి వస్తున్నాయి. ఒక్కోసారి డబ్బాలు వస్తున్నాయి.

అక్షరాల_అక్క
శుక్రవారం, ఉదయం 10:10

జనగామ నుంచి నమస్తే. డబ్బాలు వస్తే ఫాంటు లేనట్టు. ఒత్తులు జారితే ఫాంటు ఉన్నా అక్షరాలను అతికే పని జరగనట్టు. మీరు గ్నూప్లాట్ టెర్మినల్‌గా (బొమ్మ తయారుచేసే భాగంగా) పీఎన్‌జీ వాడుతున్నారేమో. దాని బదులు పీఎన్‌జీకైరో పెట్టండి. అది అక్షరాలను అతికే పాంగో లైబ్రరీ సాయంతో రాస్తుంది కాబట్టి తెలుగు గుణింతాలు, ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. సెట్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 అని ఒక లైను ముందు పెట్టండి. ఫాంటు పేరు స్పష్టంగా ఇవ్వండి: నోటో సాన్స్ తెలుగు ఉంటే అది, లేదా పోతన 2000. మన బమ్మెర పోతన పేరు మీద ఉన్న ఫాంటు కాబట్టి నాకు ఇష్టం. కానీ గ్రాఫ్‌లో చిన్న అక్షరాలకు నోటోయే బాగా చదవవస్తుంది. సైజు కొంచెం పెంచండి, ఇంగ్లీషుకు సరిపోయే సైజులో మన ఒత్తులు నలిగిపోతాయి.

"మత్తడి" అని రాసినందుకు సంతోషం. పుస్తకాల్లో అలుగు అని రాస్తారు, మత్తడి మన ఊళ్ల మాట.

పాకాల_దారి
శనివారం, రాత్రి 8:45

అక్కా, చక్కగా వచ్చింది. ఊరికి ఫొటో పంపితే మా అమ్మ చదివింది.

ఇవాళ పెద్ద వాన నడిపాను. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది కదా, అదే తీసుకున్నాను. నా చెరువు పరీవాహకం 40 చదరపు కిలోమీటర్లు. దాని మీద అంత వాన పడితే 2 కోట్ల 59 లక్షల 92 వేల ఘనపు మీటర్లు, ఒక్క రోజులో చెరువుకు చెరువు. అందులో 70 శాతం పారి వస్తుందని, రోజంతా సమానంగా పడిందని అనుకున్నాను, సెకనుకు 210.6 ఘనపు మీటర్లు. మత్తడి పొడవు 50 మీటర్లు, దాని మీదుగా పోయే నీటికి 1.7 ఇంటూ పొడవు ఇంటూ లోతు ఘాతం 1.5 అన్న సూత్రం.

దాదాపు 14 గంటలకు చెరువు నిండింది. అక్కడి నుంచి గీత తూము_గట్టు అన్న చెప్పినట్టే వంపు తిరిగింది. వాన ఆగే సమయానికి మత్తడి మీద 1.17 మీటర్ల లోతున నీళ్లు పోతున్నాయి. కిందికి సెకనుకు 108 ఘనపు మీటర్లు వెళ్తున్నాయి. పైనుంచి 210 వస్తుంటే కిందికి 108. మిగతాది చెరువు తన మీద పట్టి ఉంచింది. వరదను చెరువు ఆపుతుందని పుస్తకంలో చదివాను, ఎంత ఆపుతుందో ఈ రెండు గీతల మధ్య ఖాళీలో కనబడింది. వానను నిలువు పట్టీలుగా పై అంచు నుంచి కిందికి వేలాడేలా గీశాను, కుడివైపు అక్షాన్ని తలకిందులు చేస్తే వస్తుంది. అలా గీస్తే నీళ్ల గీతలకు అడ్డం రాదు.

ఇదే ఫ్లోట్‌తో నడిపితే తేడా కంటికి కనబడలేదు సార్. ఎందుకలా?

సున్నా_ఒకటి
శనివారం, రాత్రి 10:00

1,67,77,216 దాటాక సెకనుకు 210.6 రావాల్సింది 210 చేరి ఉంటుంది. వెయ్యికి మూడు వంతుల తేడా, గీత మందంలో కలిసిపోతుంది. పెద్ద వరదను ఫ్లోట్ బాగానే మోస్తుంది. ముసురును, ఆవిరిని, తూము దగ్గర కారే నీళ్లను మోయలేదు. కాబట్టి ప్రోగ్రాంను కుండపోతతో మాత్రమే పరీక్షించి సరిపోయిందనుకోవద్దు.

తూము_గట్టు
ఆదివారం, ఉదయం 6:20

1.17 మీటర్లంటే నాలుగడుగులకు కొంచెం తక్కువ. మత్తడి మీద అంత పోతుంటే మా ఊళ్లో ఎవరూ ఇంట్లో పడుకోరు, ఇసుక బస్తాలతో కట్ట మీదే ఉంటారు. నీ బొమ్మలో కట్ట ఎత్తు కూడా ఒక గీతగా పెట్టు చెల్లె, నీళ్లు దానికి ఎంత దూరంలో ఉన్నాయో చూసేవాళ్లకు తెలుస్తుంది.

ఒక్కటి అడగనా? మా చెరువుకు కూడా ఇలా గీసిస్తావా? మత్తడి పొడవు నేను టేపుతో కొలుస్తాను, కట్ట ఎత్తు కూడా. కాకపోతే మా దగ్గర పాత లెక్కలన్నీ గజాల్లో ఉంటాయి.

పాకాల_దారి
ఆదివారం, ఉదయం 7:05

తప్పకుండా అన్నా. గజాల్లోనే పంపండి, గజానికి 0.9144 మీటర్లు, ప్రోగ్రాం మార్చుకుంటుంది. కట్ట ఎత్తు మాత్రం మత్తడి అంచు నుంచి కొలవండి, శిఖం నుంచి కాదు. ఇంకా తూములు ఎన్ని, ఒక్కోటి ఎంత వెడల్పో మీ నాయనను అడిగి రాసి పంపండి. వచ్చే ఆదివారం నేనే బస్సెక్కి వస్తాను.